రెండు నదుల నడుమ సోనారి

జంషెడ్‌పూర్‌లో సోనారి అనగానే మనవాళ్లకు కంపెనీ క్వార్టర్లు, చిన్న విమానాశ్రయం గుర్తొస్తాయి. నేను వెళ్లింది వాటికోసం కాదు. ఉక్కు రాకముందు ఇక్కడున్న పల్లె ఏమైంది, దాని మనుషులు ఏం చేసుకుని బతుకుతున్నారు, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి పక్కనే స్థిరపడ్డ మనవాళ్లకూ వాళ్లకూ ఏపాటి పొత్తు ఉంది? ఇవి తెలుసుకోవాలని పుష్యమాసం చలిలో అక్కడికి వెళ్లాను.

ముందు దోముహానీ చూశాను. రాంచీ పక్కన నగడీ దగ్గర పుట్టిన సువర్ణరేఖ చాండిల్ జలాశయం దాటుకుని ఇటు వస్తుంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ కొండల్లోంచి ఖర్కాయి వస్తుంది. రెండూ సోనారి కొసన కలిసే చోటే దోముహానీ. అవతల దల్మా కొండలు. ఈ నీళ్లే లేకపోతే ఈ నగరమే లేదు. టాటా ఉక్కు కర్మాగారానికి మొదట సీని అనే చోటు అనుకున్నారు. 1907 ఆఖర్లో ఈ రెండు నదుల దగ్గరి సాక్చీ అనే పల్లె కంటబడింది. గొరుమహిసాని ఇనుప కొండలు అందుబాటులో ఉన్నాయి, కాలిమాటి రైలు స్టేషన్ దగ్గరే ఉంది, నీటికి కొదవ లేదు. అలా వెతుకుతూ తిరిగిన వాళ్లలో సి.ఎం. వెల్డ్‌తో పాటు శ్రీనివాసరావు అనే ఆయన కూడా ఉన్నారు. 1912లో మొదటి ఉక్కు వచ్చింది. 1919లో సాక్చీ జంషెడ్‌పూర్ అయింది, కాలిమాటి టాటానగర్ అయింది. సోనారి పేరు మాత్రం సోనారిగానే మిగిలింది.

పొద్దున్నే డోబో వైపు నుంచి వంతెన మీదుగా ఆడవాళ్లు నడిచి వస్తుంటారు. తలమీద సాలాకుల విస్తళ్ల కట్టలు, చంకలో పందుంపుల్లల మోపులు. ఎండు రేగుపళ్లు, చేలగట్ల మీద కోసిన ఆకుకూరలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు. మార్కెట్లో ఓ మూల నేలమీదే గోనెసంచి పరుచుకుని కూర్చుంటారు. విస్తళ్లు అమ్మే ఒకామె దగ్గర నేనూ కూర్చున్నాను. వెదురు ఈనెలతో ఆకులు కుడుతూనే మాట్లాడింది. వానమీద ఆధారపడ్డ వరి ఏడాదికి ఒకటే పంట. కోత అయిపోయి ధాన్యం ఇంటికి చేరింది, తిండికి సరిపోతుంది. ఉప్పు, నూనె, పిల్లల ఫీజులు, మందులు మాత్రం డబ్బుతోనే కదా. ఆ డబ్బు అడవిలోంచీ ఈ సంతలోంచీ రావాలి. భర్త ఖర్కాయి అవతల ఆదిత్యపూర్‌లో ఓ చిన్న కార్ఖానాలో కాంట్రాక్టు కూలీ. పని ఉన్ననాడే కూలి. "ఆకు నాది, చెయ్యి నాది, ఈ డబ్బు ఎవరూ ఆపలేరు" అంది హిందీలో. ఆమె ఇంటి లెక్కలో స్థిరమైన ఆదాయం కార్ఖానాది కాదు, విస్తళ్లది.

ఈ సంతల ఆర్థిక వ్యవస్థను నగరం చిల్లర వ్యాపారంగా చూస్తుంది. నాకైతే ఇదే ఇక్కడి వెన్నెముక అనిపించింది. సాయంత్రం అయ్యేసరికి హండియా కుండలు కూడా వస్తాయి. అన్నంలో రాను అనే వేర్ల మందు బిళ్లలు కలిపి పులియబెట్టిన పానీయం అది. పూజలో మొదటి చుక్క పెద్దలకే. దాన్ని అమ్మి బిడ్డల్ని చదివించుకునే ఆడవాళ్లు ఉన్నారు. అదే కుండ మగవాళ్లను కూల్చిన ఇళ్లూ ఉన్నాయి. రెండూ నిజమే.

మధ్యాహ్నం పలాస వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. "టాటా అంటే మాకు ఊరు కాదు బాబూ, ఉజ్జోగం. మా అయ్య రైలెక్కినప్పుడు ఏటి చూసి ఎక్కాడనుకున్నావు? నెల తిరిగేసరికి జీతం చేతిలో పడతాదని" అన్నారు. ఆయన చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదు. ఎనిమిది గంటల పని 1912లోనే, ప్రావిడెంట్ ఫండ్ 1920లోనే ఇక్కడ అమలైంది. దేశంలో చట్టాలు వచ్చింది ఆ తర్వాతే. తండ్రి తర్వాత కొడుకుకు ఉద్యోగం అన్న నమ్మకం మీద ఉత్తరాంధ్ర కుటుంబాలు తరాలు నిలబడ్డాయి. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నాయి. 1990ల నుంచి కొలువులు సగానికి పైగా తగ్గాయి. ఈయన కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాలి కాబట్టి చాలామంది బస్తీల్లో ఇల్లు చూసుకున్నారు. నగరం నేల లీజుది, ఎన్నికైన పురపాలక సంఘం లేదు. 86 బస్తీలకు యాజమాన్య హక్కు ఇవ్వాలన్న డిమాండు ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది, ఎన్నికయ్యాక వెనక్కి పోతుంది.

ఇక్కడే నాకు మనసులో ముల్లు గుచ్చుకుంది. పట్టా లేదన్న బాధ మనవాళ్లు ఇంతగా చెప్తారే, ఆ నేల మొదట సాగుచేసినవాళ్ల సంగతి ఒక్కరి నోటా రాలేదు. పక్క కదమాలోని ఉలియాన్‌లో పుట్టిన నిర్మల్ మహతో ప్రత్యేక జార్ఖండ్ రాష్ట్రం కోసం పోరాడుతూ 1987 ఆగస్టు 8న ఈ నగరంలోనే హత్యకు గురయ్యాడు. రాష్ట్రం 2000లో వచ్చింది. నిర్మల్ పేరు మన పిల్లలకు కూడలి బొమ్మగానే తెలుసు.

సోనారిలోనే గిరిజన సంస్కృతి కేంద్రం ఉంది. సంతాలులు, హోలు, ముండాలు, ఉరావులు ఈ నాలుగు జాతుల జీవితాన్ని అక్కడ పరిచి చూపిస్తారు. నేను ఎక్కువసేపు నిలబడింది ఉరావుల దగ్గర. వాళ్ల కుడుఖ్ ద్రావిడ భాష, మన తెలుగుకు దూరపు చుట్టం. సంతాలీకి రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి తయారుచేశాడు. 2003లో ఆ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేరింది. తన అక్షరం తానే దిద్దుకున్న జాతి సంతాలులది. తెలుగు చదవడం రాని మన మూడో తరం పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం ఇంకెక్కడ దొరుకుతుంది?

మకర సంక్రాంతికి దోముహానీలో టుసు మేళా జరుగుతుంది. పుష్యమాసమంతా ఆడపిల్లలు పాటలు పాడి పూజించిన టుసు దేవతను చౌడల్ అనే రంగు కాగితాల పల్లకీలో ఊరేగించి నదిలో కలుపుతారు. కొత్త ధాన్యం పండుగ అది. ఆ రోజే మన ఇళ్లలో అరిసెలు, వాకిట్లో గొబ్బెమ్మలు. రెండూ కోత పండుగలే, ఒకే రోజు, నడిచివెళ్లే దూరంలో. కానీ ఒకరి పండుగకు ఇంకొకరు పోవడం నేను చూసినంతలో బహు తక్కువ.

జంషెడ్‌పూర్‌లో చుట్టాలున్న తెలుగువారికి నా విన్నపం ఒక్కటే. ఈసారి సంక్రాంతికి వెళ్తే పిల్లల్ని దోముహానీకి తీసుకెళ్లండి, అరిసెలు వెంట పట్టుకెళ్లి పంచండి. విందుకు విస్తళ్లు ఆ ఆడవాళ్ల దగ్గరే, బేరమాడకుండా కొనండి.