కమల్ హాసన్ నడిచిన ఇసుక ఏదీ?

మాది సూర్యాపేట. మాకు నీళ్ళంటే మూసీ ప్రాజెక్టు. కోదాడ, మిర్యాలగూడ వాళ్ళకైతే సాగర్ ఎడమ కాలువ. సముద్రమా? అది సినిమాలోనే! ‘మరోచరిత్ర’ (1978)లో కమల్ హాసన్, సరిత తిరిగిన విశాఖ, భీమిలి తీరాల్ని టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ ఇసుక మీద నడవాలని మిర్యాలగూడలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను.

తీరా ఆర్కే బీచిలో దిగితే... కొన్నిచోట్ల ఇసుక కన్నా బండరాళ్ళే ఎక్కువ!

“ఏటి బాబూ, ఎతుకుతన్నారు?” అన్నాడొకాయన. వయసు నలభై దాటింది, చంకలో సర్ఫ్‌బోర్డు. జాలరిపేటలో పుట్టిన మనిషి. చిన్నప్పుడు విరిగిన తెప్పచెక్క మీద బోర్లా పడుకుని అలలెక్కేవాడట. సర్ఫింగ్ అనే మాట ఆ తర్వాతెప్పుడో విన్నాడు.

“అడుగున ఇసుకదిబ్బ ఉంటేనే అల దూరంలో లేచి, తీరిగ్గా విరుగుద్ది. దిబ్బ పోతే ఒడ్డుకొచ్చి ఒక్కసారే కూలిపోద్ది. దాని మీద నిలబడితే మెడ విరగడమే!”

ఇసుక ఎక్కడికి పోయింది? విలన్ ఒక్కడు కాదు పాఠకులారా! మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తాయి. 1970లలో డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ఔటర్ హార్బరు కోసం సముద్రంలోకి రాతిగోడలు కట్టారు. ఇసుక అక్కడే ఆగిపోతుంది. ఆగినదాన్ని డ్రెడ్జరుతో తోడి బీచికి పోస్తుంటారు. పోసింది అలలు మళ్ళీ పట్టుకుపోతాయి. దీనికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను! కాకినాడ దగ్గర ఉప్పాడలోనైతే సముద్రం ఇళ్ళనే మింగేసింది. ‘ఉప్పెన’ (2021) కథ నడిచింది ఆ ఊళ్ళోనే.

ఆయన మకాం రుషికొండకి మార్చాడు. 2020లో దానికి బ్లూఫ్లాగ్ గుర్తింపొచ్చింది. పేరొచ్చాక జనం రాకుండా ఉంటారా? ఆదివారం అక్కడ కొత్త సినిమా మొదటాట వదిలినట్టే ఉంది. సెల్ఫీల మధ్య మా నల్గొండ యాస కూడా వినబడింది, నవ్వొచ్చింది!

మనకది సరదా. ఆయనకి గుండెదడ. జారిన బోర్డు అంచు నీళ్ళలో ఉన్న పిల్లాడి తలకి తగిలితే? అందుకే తెల్లారకముందే దిగి, జనం రాగానే ఒడ్డెక్కేస్తాడు.

పదేళ్ళ కొడుక్కి నేర్పాలని ఆయన ఆశ. వాడి బోర్డు అప్పుడే కొనేశాడు.

“యారాడ వెళ్ళొచ్చుగా అన్నా?” అన్నాను.

“యారాడా? అక్కడ నీరు లోపలికి లాగేస్తది బాబూ. పెద్దోళ్ళే పోతన్నారు. పిల్లోణ్ణి ఎలా దింపుతాను?”

ఆ రోజు ఏడు కాకుండానే బయటికొచ్చేశాడు. అప్పటికే టూరిస్టు బస్సు ఆగింది. చిన్న బోర్డు ఆటోలోనే ఉంది, తడవలేదు.