చెలమలు తీసే ఏనుగులు

వదినా, పనైతే ఇట్లా గోడ దగ్గరికి రా, నీకో సంగతి చెప్పాలి. ఆఫ్రికాలో నమీబియా అని ఓ దేశం ఉంది. దాని వాయవ్య మూల అంతా ఎడారి. చాలాచోట్ల ఏడాది మొత్తానికి 150 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మన దగ్గర మంచి ముసురు పడితే నాలుగు రోజుల్లో కురిసేంత! అక్కడ ఏనుగులు బతుకుతున్నాయి వదినా. రోజుకు 100 లీటర్లకు పైగా తాగే జంతువు, రెండు మూడు రోజులు చుక్క నీళ్లు లేకుండా నడుస్తుందంట.

మరి నీళ్లెక్కడివంటావా? హోఆనిబ్, హువాబ్ అని అక్కడ ఏర్లున్నాయి. వాటిలో ఎక్కువ నెలలు ఒట్టి ఇసకే. ఆ ఇసకను ముందుకాలితో తన్ని, తొండంతో తోడి చెలమ తీస్తాయి. ఊట ఊరేదాకా ఓపిగ్గా నిలబడతాయి. అవి తాగి వెళ్లాక జింకలూ పిట్టలూ ఆ చెలమకే వస్తాయి. ఇప్పుడంటే పులిచింతల ప్రాజెక్టు నీళ్లు నిలిచి మన కృష్ణా నది ఇసక మునిగింది గానీ, మా నాయనమ్మ వాళ్లూ ఎండాకాలం అట్లాగే చెలమ తీసి బిందెలు నింపుకొనేవాళ్లు.

ఎండకు తాళలేకపోతే తడి ఇసక ఒంటి మీద చల్లుకుంటాయి. అదీ దొరక్కపోతే గొంతులో దాచుకున్న నీళ్లను తొండంతో లాగి ఒంటి మీద చిమ్ముకుంటాయి! మేత తక్కువ కాబట్టి పెద్ద గుంపులు కట్టవు. ఇద్దరు ముగ్గురు తల్లులు, వాళ్ల పిల్లలు, అంతే.

ఇవి వేరే జాతి అనుకునేవు, కాదు. జన్యువులు పరీక్షించి చూశారు, ఆఫ్రికాలో మిగతా చోట్ల పచ్చిక మైదానాల్లో తిరిగే ఏనుగులే ఇవీ. ఏ ఏట్లో ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయో, ఏ కొండ దాటితే మేత దొరుకుతుందో గుంపులోని ముసలి ఆడ ఏనుగుకు తెలుసు. గున్నలు దాని వెంట తిరిగి నేర్చుకుంటాయి. దంతాల కోసం వేటాడి అట్లాంటి ముసలిదాన్ని చంపితే, పోయేది ఒక్క ప్రాణమే కాదు వదినా. వెనకున్న పిల్లలకు నీళ్ల దారి చూపేవాళ్లే ఉండరు.

మన తెలుగు నేల మీదా ఏనుగులున్నాయి. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు ఆంధ్రలోని పలమనేరు, కుప్పం వైపు వచ్చాయి. 1990లో అక్కడ కౌండిన్య అభయారణ్యం పెట్టారు. ఎడారి కాదు గానీ రాళ్ల గుట్టలు, ముళ్ల చెట్లు. వేసవిలో వాగులెండితే అవి ఊరి చెరువులకూ చెరకు తోటలకూ దిగుతాయి. రైతు రాత్రంతా కాపలా కాయాలి. మనుషులూ పోతున్నారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ పోతున్నాయి. మన తెలంగాణలోనూ 2024 ఏప్రిల్‌లో ఆసిఫాబాద్ వైపు ప్రాణహిత దాటొచ్చిన ఒంటరి ఏనుగు ఇద్దరు రైతుల్ని చంపింది. ఆ ఇళ్లవాళ్లను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

2025 మేలో కర్ణాటక వాళ్లు కుమ్కీలని, శిక్షణ ఇచ్చిన ఏనుగుల్ని ఆంధ్రకు ఇచ్చారు, పొలాల మీదికొచ్చే అడవి ఏనుగుల్ని తిరిగి అడవిలోకి మళ్లించడానికి. మంచిదే. కానీ మళ్లించాక అక్కడ తాగడానికి నీళ్లుండాలి కదా? పలమనేరులో మా మరదలి పుట్టింటివాళ్లున్నారు. ఈసారి ఫోన్ చేస్తే అడుగుతా, ఎండాకాలంలో అడవి కుంటల్లో నీళ్లుంటున్నాయా అని.