ఎండతో ఐసు చేసిన లెక్కల మాస్టారు

ఎండలో పెడితే ఐసు కరుగుతుందని చిన్నపిల్లలకీ తెలుసు. ఆ ఎండతోనే ఐసు తయారుచేస్తానని ఎవరైనా అంటే? 1878లో పారిస్‌లో సరిగ్గా అదే జరిగింది. దేశదేశాల వాళ్లూ తమ గొప్పలు చూపించుకోడానికి వచ్చిన పెద్ద ఎగ్జిబిషన్ అది. అక్కడ గొడుగుని తిరగేసి ఆకాశంకేసి పట్టినట్టు ఓ భారీ అద్దం. దాని నడుమ నల్లటి బాయిలరు. బొగ్గు లేదు, కట్టెలు లేవు, పొగ అసలే లేదు. అద్దం మీద పడిన ఎండంతా బాయిలరు మీదికి మళ్లి నీళ్లు ఆవిరయ్యాయి. ఆ వేడితో నడిచిన యంత్రం ఐసుగడ్డని బయటికి తీసింది. దాన్ని తయారుచేసిన ఆగస్టీన్ మూషోకి బంగారు పతకం వచ్చింది.

మూషో పేరుమోసిన ఇంజినీరేమీ కాదు. స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారు. అప్పట్లో ఫ్రాన్స్‌లో ఫ్యాక్టరీలు జోరుగా వస్తున్నాయి. అన్నిటికీ బొగ్గే ఆధారం. ఏదో ఒకరోజు ఆ బొగ్గు అయిపోతే గతేమిటన్నది మాస్టారి బెంగ. 1860లో ప్రయోగాలు మొదలుపెట్టారు.

ఆయన పట్టుకున్న సూత్రం మన వంటింట్లో రోజూ కనిపించేదే. కుక్కర్లో నీళ్లు మరిగితే ఆవిరి విజిల్‌ని పైకి తోస్తుంది. వేడి అక్కడ ఓ బరువుని ఎత్తిందన్నమాట. విజిల్ బదులు పిస్టన్ పెడితే ఇంజిన్, చక్రం పెడితే టర్బైను. కానీ దీనికో మెలిక ఉంది. ఎంత వేడి ఉందన్నది ఒక్కటే సరిపోదు, వేడికీ చుట్టూ ఉన్న చల్లదనానికీ మధ్య ఎంత తేడా ఉందన్నదే ముఖ్యం. ఫ్రాన్స్‌కే చెందిన సాదీ కార్నో 1824లోనే ఈ సంగతి తేల్చారు. ఆయన లెక్క ప్రకారం బయట ముప్ఫై డిగ్రీలున్నప్పుడు వంద డిగ్రీల ఆవిరితో ఎంత గొప్ప ఇంజిన్ నడిపినా, వేడిలో నూటికి 19 వంతులకి మించి పని రాదు. అదే 400 డిగ్రీలైతే 55 వంతుల దాకా రావచ్చు. కాగితం మీద లెక్క ఇది. నిజం ఇంజిన్లలో ఇంకా తగ్గుతుంది. ఎండలో ఊరికే పెట్టిన బిందెలో నీళ్లు గోరువెచ్చనవుతాయి తప్ప ఇంజిన్ని తిప్పలేవు. అందుకే అద్దాలు. విశాలంగా పరుచుకున్న ఎండని ఒక్కచోటికి పోగేస్తే అప్పుడు వస్తుంది అసలు వేడి.

మూషో అద్దాన్ని గరాటులా చేశారు. నడుమ బాయిలరుకి నల్లరంగు వేసి, వేడి బయటికి పోకుండా గాజుగంట బోర్లించారు. 1866 నాటికి చిన్న ఇంజిన్ తిరిగింది. ప్రభుత్వం డబ్బిచ్చింది. అప్పట్లో ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న అల్జీరియాకి పంపింది. అక్కడ ఎండకి కొదవలేదు, బొగ్గుకే కరువు. ఆ తర్వాతే పారిస్ ఎగ్జిబిషన్, ఐసుగడ్డ, పతకం.

ఇదంతా ఎక్కడో పరాయి దేశం ముచ్చట అనుకోనక్కర్లేదు. సరిగ్గా అదే సంవత్సరం బొంబాయిలో ఓ పుస్తకం అచ్చయింది. రాసింది విలియం ఆడమ్స్ అనే ఇంగ్లిషు ఉద్యోగి. వేడిదేశాల్లో బొగ్గు బదులు ఎండ వాడుకోవచ్చన్నది దాని సారాంశం. మూషో పని ఆయనకి తెలుసు, అందులో ఇబ్బందీ కనిపెట్టారు. గరాటు అద్దాన్ని ఒక స్థాయికి మించి పెంచలేం. వంపు తిప్పడం కష్టం, ఖర్చూ ఎక్కువే. అందుకని మామూలు చదును అద్దాలు తెచ్చి అర్ధచంద్రాకారంలో నిలబెట్టారు. అన్నీ కలిసి ఒకే బాయిలరు మీదికి వెలుగు కొడతాయి. పొద్దు తిరిగే కొద్దీ వాటినీ తిప్పాలి. కొలాబాలోని తన బంగళా ఆవరణలో రెండున్నర హార్స్‌పవర్ ఆవిరి ఇంజిన్ని అలా నడిపి జనానికి చూపించారు. ఇవాళ ఎడారుల్లో ఎత్తయిన టవరు కట్టి చుట్టూ వేల అద్దాలు పేరుస్తున్నారే, ఆ ఆలోచనకి పురుడు పోసిన చోట్లలో మన బొంబాయి ఒకటి. విచిత్రం ఏమిటంటే ఈ సంగతి బొంబాయిలో ఉన్నవాళ్లకే పెద్దగా తెలియదు.

మరి మూషో ఏమయ్యారు? బొగ్గు అయిపోతుందని ఆయన భయపడ్డారు. అది అయిపోలేదు సరికదా, చవకైపోయింది. రైళ్లు పెరిగి, ఇంగ్లండ్ బొగ్గు ఫ్రాన్స్‌కి సులువుగా రాసాగింది. ఎండతో ఇంజిన్ నడుస్తుందన్నది నిజమే, కానీ ఖర్చు గిట్టదని ప్రభుత్వ కమిటీలు తేల్చేశాయి. డబ్బు ఆగింది. మాస్టారు ఆ పని వదిలేశారు. 1912లో పారిస్‌లో పేదరికంలో కన్నుమూశారు.

మరుసటేడే ఇంకో మనిషి అదే ఆశతో నిలబడ్డాడు. ఫ్రాంక్ షూమన్ అనే అమెరికన్. కైరో పక్కన మాదీలో, పొలానికి నీళ్లు పారించే తాటిదోనెల్లాంటి పొడవాటి అద్దాలు అయిదు పరిచాడు. ఒక్కొక్కటీ 62 మీటర్లు. వాటి నడుమ గొట్టాల్లో పుట్టిన ఆవిరి, నైలు నదిలోంచి నిమిషానికి 20 వేల లీటర్లకి పైగా నీళ్లు పత్తిచేలకి తోడింది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. అంతే, ఆ యంత్రం కథ ముగిసింది. తర్వాత పెట్రోలు వచ్చి ఎండని అందరూ మర్చిపోయేలా చేసింది.

ఆ దోనె అద్దాల్ని ఇప్పుడు చూడాలంటే ఈజిప్టు వెళ్లక్కర్లేదు. అనంతపురం జిల్లా నాగలాపురంలో 2014లో 50 మెగావాట్ల కేంద్రం వచ్చింది. పద్ధతి షూమన్‌దే. కాకపోతే గొట్టాల్లో నీళ్ల బదులు నూనె పారుతుంది. అది 400 డిగ్రీల దాకా కాగి, నీళ్లని ఆవిరి చేసి టర్బైన్ని తిప్పిస్తుంది. 2010లో దేశం మొత్తమ్మీద ఇలాంటివి ఏడింటికి, అంటే 470 మెగావాట్లకి, కేంద్రప్రభుత్వం పచ్చజెండా ఊపింది. వాటిలో పూర్తయినవి కొన్నే. మూషోని బొగ్గు ఓడిస్తే, వీటిని ఓడించింది సోలార్ ప్యానెల్. పదేళ్లలో దాని ధర దాదాపు పదోవంతుకి దిగివచ్చింది. తిరిగే చక్రం లేదు, కారే గొట్టం లేదు, మబ్బుపట్టినా ఎంతోకొంత కరెంటు ఇస్తుంది. అద్దానికి మాత్రం సూటిగా పడే ఎండే కావాలి. గాలిలో దుమ్ము లేచినా దాని పని కుంటుపడుతుంది. పైగా అద్దాలు కడగాలి, ఆవిరిని చల్లబరచాలి. ఎండ దండిగా ఉండే సీమలో నీళ్లే కదా కరువు!

అయితే ప్యానెల్‌కీ ఓ లోటుంది. ఇంటిల్లిపాదీ లైట్లు, ఫ్యాన్లు, టీవీ వేసుకునే సాయంత్రం ఏడింటికి అది నిద్రపోతుంది. మూషోకి ఈ సంగతి అప్పుడే తట్టింది. ఎండ ఉన్నప్పుడే నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టి దాచుకుంటే తర్వాత మండించుకోవచ్చని ఆయన ఊహ. కరెంటుని దాచడం ఖరీదైన వ్యవహారం. వేడిని దాచడం అంత కష్టం కాదు, ఫ్లాస్కులో కాఫీ దాచుకున్నట్టే. స్పెయిన్‌లోని సెవిల్ దగ్గర 2011లో కట్టిన హెమాసోలార్ కేంద్రంలో ఆ ఫ్లాస్కులో పోసేది కరిగిన లవణాలు. అందులో ఒకటి టపాకాయల్లో వాడే సురేకారమే. పగలు 565 డిగ్రీలకి కాచి ట్యాంకులో నిల్వచేస్తే, ఎండ లేకపోయినా పదిహేను గంటలు టర్బైను తిరుగుతుంది. 2013లో 36 రోజుల పాటు రేయింబవళ్లు ఆగకుండా కరెంటు ఇచ్చిందా కేంద్రం. బ్యాటరీల ధరలూ ఇప్పుడు పడిపోతున్నాయి కాబట్టి ఈ పోటీలో గెలుపెవరిదో తేలలేదు. కానీ వేడికి కరెంటు ఒక్కటే గమ్యం కాదు. బియ్యం ఉడకాలన్నా, పాలు కాగాలన్నా, బట్టల మిల్లులో రంగులద్దాలన్నా కావలసింది వేడే. దాన్ని కరెంటుగా మార్చి మళ్లీ వేడిగా మార్చుకోవడం చుట్టుతిరుగుడు వ్యవహారం.

తిరుమల అన్నదానం వంటశాల కోసం 2002లో పెట్టిన ఏర్పాటు అలాంటిదే. పళ్లేల్లాంటి అద్దాలు 106. ఎండవేళ వాటి ఆవిరితో పదిహేను వేలమందికి సరిపడా వండేలా అమర్చారు. అక్కడ ఇంజిన్ లేదు, ఆవిరి నేరుగా గుండిగల్లోకే. రాజస్థాన్‌లోని ఆబూ రోడ్డులో బ్రహ్మకుమారీలు అదే తరహా అద్దాల్ని పెద్దవి చేశారు. ఒక్కోటి 60 చదరపు మీటర్లు, మొత్తం 770. ప్రతి అద్దానికీ ఎదురుగా ఓ ఇనపదిమ్మె. పగలంతా ఎండ తాగి అది కణకణలాడుతూ ఉంటుంది. పొద్దు గూకాక దానిలోంచి నీళ్లు పోనిస్తారు. అవి ఆవిరై, చీకట్లో టర్బైను తిరగడం మొదలవుతుంది.