దామంజోడి మైదానం, అల్క్‌మార్ జట్టు

సాలూరు మీదుగా ఘాటీ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ దాటి వచ్చే బాటసారికి దామంజోడి కొంత వింతగానే కనబడుతుంది. అంతదాకా కొండలు, చోడి చేలు, తాటాకు గొడుగులు. ఆ మీదట ఉన్నట్టుండి తిన్నని వీధులు, వరుస క్వార్టర్లు, పొగగొట్టాలు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోనిదే. కనుక మన తెలుగువారు ఇక్కడ నిన్న మొన్న వచ్చినవారు కారు. ఊరికి ఈ రూపం వచ్చినది మాత్రం 1981లో నాల్కో సంస్థ పుట్టిన తర్వాతనే. 1985 నుంచి పంచపత్మలి కొండ మీద బాక్సైటు తవ్వుతున్నారు. పదునాలుగు కిలోమీటర్లకు పైబడిన కన్వేయరు పట్టీ ఆ మట్టిని కర్మాగారానికి చేరవేస్తుంది. అక్కడ తయారైన తెల్లని అల్యూమినా రైలెక్కి కొంత అంగుల్‌కు, కొంత విశాఖ రేవుకు పోతుంది.

ఇటువంటి ఊళ్ళో బడి, ఆసుపత్రి, కొళాయి నీరు, ఆటస్థలం అన్నీ ఒక్క కర్మాగారపు నీడలోనే పెరుగుతాయి. సాయంకాలం మైదానంలో ఇప్పుడు మగపిల్లలతోపాటు ఆడపిల్లలు కూడా బంతి తన్నుతూ కనిపిస్తారు. చూచి సంతోషించని వారుండరు. ఈ ఆట ఎంతకాలం నిలుస్తుందనే ప్రశ్న మాత్రం మనలో చాలామందికి తట్టదు. అది తట్టవలసిన ప్రశ్న అని చెప్పడానికే హాలెండు దేశపు ఒక ఊరి కథ ఇక్కడ చెబుతున్నాను.

ఆ ఊరి పేరు అల్క్‌మార్. ఆంస్టర్‌డాంకు ఉత్తరాన ఉన్నది. కాలువల ఊరు, జున్నుల ఊరు. వేసవి శుక్రవారాలలో కాటా భవనం ముందు జున్ను సంత జరుగుతుంది. తెల్లని దుస్తులు తొడిగిన మోతగాళ్ళు ఇద్దరిద్దరుగా, చెక్క మోతబల్లను పట్టీలతో భుజాలకు తగిలించుకొని, గుండ్రని జున్ను ముద్దలను మోసుకుపోతారు. మన బోయీలు పల్లకీ మోసినట్టే అడుగు కలిపి నడవాలి. 1573లో స్పెయిన్ సేన ముట్టడించినప్పుడు లొంగకుండా నిలిచిన ఊరు ఇది. ఆ విజయాన్ని ఏటా అక్టోబరు 8న పండుగగా జరుపుకొంటారు.

ఈ ఊరి ఫుట్‌బాల్ సంఘం పేరు ఏ.జెడ్. 1967లో రెండు సంఘాలు కలిసి ఒకటైనవి. హాలెండులో ఆడవారి ఫుట్‌బాల్‌ను దేశ సంఘం తన గొడుగు క్రిందకు తీసుకున్నది 1971లో. ఆడవారికి పెద్ద లీగు ఏర్పడడానికి మరి ముప్ఫయ్యారేళ్ళు పట్టినది. 2007లో ఆరు జట్లతో ఆ లీగు ఆరంభమైతే, అందులో ఒకటి ఏ.జెడ్. ఆడవారి జట్టు. హాలెండు జాతీయ జట్టుకు నాయకత్వం వహించిన డాఫ్నే కోస్టర్ ఇందులో ఆడినది. మొదటి మూడేళ్ళూ, అంటే 2008, 2009, 2010లలో, లీగు గెలిచినది ఈ జట్టే.

ఇంత గెలిచిన జట్టుకు ఏ లోటూ ఉండదని ఎవరైనా అనుకుంటారు. కాని మాతృసంఘానికి ఆధారమైన ధనవంతుడు డిర్క్ స్కెరింగా బ్యాంకు డి.ఎస్.బి., 2009 అక్టోబరులో దివాళా తీసినది. సంఘం స్టేడియం పేరు కూడా అప్పటిదాకా ఆ బ్యాంకుదే. మగవారి జట్టు ఆ ఏడాదే దేశ విజేతగా నిలిచినా, బొక్కసం మాత్రం బక్కచిక్కినది. ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు 2011లో ఆడవారి జట్టును ఎత్తివేశారు. ఆ సంవత్సరమే ఆ జట్టు దేశపు కప్పు గెలిచినది! నాలుగేళ్ళ ఆయుష్షు, నాలుగు పెద్ద విజయాలు. ఓడిపోయి మూతపడిన జట్టు కాదది.

కచేరీలో పద్దులు వ్రాసే వారికి ఈ సంగతి కొత్త కాదు. కోత వచ్చినప్పుడు ఎర్ర సిరా మొదట పడేది ఎక్కువ ఖర్చు గల పద్దు మీద కాదు. అడిగేవారు తక్కువగా ఉన్న పద్దు మీద.

అయితే కథ అక్కడితో ముగియలేదు. ఆ అమ్మాయిలలో పలువురు పొరుగున ఉన్న టెల్‌స్టార్ సంఘం పేరుతో ఆడసాగారు. 2017 నుంచి వి.వి. అల్క్‌మార్ అనే ఊరి సంఘం పెద్ద లీగులో జట్టును నిలిపినది. 2022లో ఆ జట్టును ఏ.జెడ్. మళ్ళీ తనలో చేర్చుకొన్నది. పదకొండేళ్ళ తర్వాత పేరు తిరిగి వచ్చినది. ఈ మధ్యలో, 2017లో, హాలెండు ఆడవారు ఐరోపా విజేతలైనారు. 2019 ప్రపంచ కప్పులో ఫైనలు దాకా వెళ్ళారు.

మన వైపు చూచుకొంటే, కటక్‌కు చెందిన రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్ 2018లో భారత మహిళల లీగు గెలిచినది. నిజామాబాదు ప్రాంతపు తెలుగు బిడ్డ గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా దేశపు డినామో జాగ్రెబ్‌లో చేరినది. అంటే మన పిల్లల కాళ్ళలో బలం లేక కాదు. వారికి కావలసినది రేపు కూడా మైదానం ఉంటుందనే ధీమా.

ఒక్క జేబును నమ్ముకొన్న జట్టు ఆ జేబు చిరిగిన నాడు వీధిని పడుతుంది. పది ఇళ్ళు పట్టుకొన్న జట్టు పేరు మారినా నిలుస్తుంది. మన సంఘం ఏటా నాటకానికీ, ఉగాది విందుకూ చందా వసూలు చేస్తుంది. అందులో ఒక చిన్న భాగం ఆడపిల్లల బంతులకూ, బూట్లకూ, పోటీలకు పోయే బస్సు ఛార్జీలకూ విడిగా పద్దు వేయించాలి. ఆ పద్దును ఇద్దరు తల్లుల చేతిలో పెట్టాలి. కోత రోజున అడిగేవారు అప్పుడుంటారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో పెద్దలు ఈ విషయం ఆలోచించాలని మనవి.