గోళ్ళు లేని హీరో

2024 మేలో ‘ది ఫాల్ గై’ వచ్చింది. ర్యాన్ గాస్లింగ్, ఎమిలీ బ్లంట్ జంట. అదే ఏడాది మొదట్లో ‘బార్బీ’కి అతనూ, ‘ఓపెన్‌హైమర్’కి ఆమే ఆస్కార్ నామినేషన్లు తెచ్చుకున్నారు. రివ్యూలు కూడా బావున్నాయి. అయినా సినిమా ఆడలేదు.

హాలీవుడ్‌లో స్టార్ల పనైపోయిందని అప్పుడు మిత్రులతో తెగ వాదించాను. జనం వచ్చేది పాత్ర కోసం, నటుడి కోసం కాదన్నాను. ఉదాహరణకి హ్యూ జాక్‌మన్. అదే జులైలో వుల్వరిన్ గోళ్ళతో వస్తే వసూళ్ళు వంద కోట్ల డాలర్లు దాటాయి. 2021లో గోళ్ళు లేకుండా ‘రెమినిసెన్స్’ చేస్తే పట్టించుకున్నవాళ్ళే లేరు.

ఒక్క సంగతి మాత్రం వాళ్ళకి చెప్పలేదు. ‘లా లా ల్యాండ్’ని థియేటర్లో రెండుసార్లు చూసిన నేనే ‘ఫాల్ గై’కి టికెట్ కొనలేదు. ఓటీటీలో వస్తుందిలే అనుకున్నాను. వచ్చాక లాప్‌టాప్‌లో, ఆఫీసు మెసేజ్‌లకి జవాబులిస్తూ, మూడు రాత్రుళ్ళు ముక్కలుముక్కలుగా చూశాను. గాస్లింగ్ నవ్వుతుంటే సగంలో ఆపేసి నిద్రపోయాను కూడా.

ఒకప్పుడు అతని కోసం టైముకి వెళ్ళి, చీకట్లో తలెత్తి చూసేవాణ్ణి. ఇప్పుడు అతనే నా ఒళ్ళో కూర్చుని, నాకు తీరిక దొరికేదాకా ఆగుతున్నాడు. తగ్గింది అతని నటన కాదు. మరి నేను వాదించింది ఎవరి గురించి?