శీర్షాసనం వేసిన తెర



ఛందోవ్యాకరణాలతో జీవితం గడిపిన ఈ విశ్రాంత తెలుగు పండితుడు కంప్యూటరు గర్భంలోని సంగతులు వ్రాయడమేమిటని మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. కాస్త ఓపికతో చిత్తగించండి.

మూడేళ్ళ క్రితం నా పూర్వ విద్యార్థి ఒకడు తాను వాడి పక్కన పెట్టిన మడత ల్యాప్‌టాప్‌ను నాకిచ్చాడు. తయారీదారులు దానికి కొత్త సాఫ్టువేరు ఇవ్వడం మానివేశారు గనుక లినక్సు ఎక్కించి మరీ తెచ్చాడు. తెరను వెనుకకు మడిచి పుస్తకంలా పట్టుకుంటే పుట దానంతట అదే నిలువుగా తిరగాలి. తిరిగింది, కానీ తలక్రిందులుగా! నేను యంత్రాన్ని ఏ వైపు త్రిప్పినా పద్యం శీర్షాసనంలోనే దర్శనమిచ్చేది.

ఫోనులో మొరపెట్టుకున్నాను. "మాస్టారూ, లోపలి సెన్సారు నిజమే చెబుతోందండీ. దాన్ని బోర్డు మీద తిప్పి బిగించారు. ఆ సంగతి లినక్సుకు ఎవరూ చెప్పలేదు. యంత్రం మీ చేతిలో ఉంది కాబట్టి మీరే చెప్పాలి" అన్నాడు.

ఆ సెన్సారు పేరు యాక్సెలరోమీటరు. నిశ్చలంగా ఉన్నప్పుడు అది భూమ్యాకర్షణ ప్రభావాన్ని మూడు అక్షాల మీద కొలుస్తుంది. నిట్టనిలువుగా ఉన్న అక్షం మీద సుమారు 9.8 కనిపిస్తుంది. కెర్నెల్‌లోని డ్రైవరు ఆ అంకెలను చదివి పైకి అందిస్తుంది. అయితే చిప్పుకు తన 'పైన' ఏదో తెలుసు గానీ తెరకు 'పైన' ఏదో తెలియదు. బిగింపు మోడలు మోడలుకూ మారుతుంది. ఆ తేడాను సవరించేది తొమ్మిది అంకెల మాత్రిక.

రెండు సాయంత్రాలు యంత్రాన్ని నాలుగు అంచుల మీదా నిలబెట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, అంకెలు నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను. చివరకు తేలినది ఆరు సున్నలు, రెండు ఋణ ఒకట్లు, ఒక ధన ఒకటి. అంతే! అక్షరాలు లేచి నిలబడ్డాయి. శిష్యుని సాయంతో ఆ పంక్తిని సిస్టమ్‌డి వారి హార్డువేరు పట్టికకు పంపాను. మోడలు పేరు సరిగా వ్రాయమని, మరల పరీక్షించమని సమాధానం వచ్చింది. ముప్పై ఏళ్ళు ఎర్రసిరాతో దిద్దిన నాకు, దిద్దించుకోవడంలోని సుఖం అప్పుడు తెలిసింది.

ఆ తరువాత కుతూహలం కొద్దీ పాత మూలాలు తిరగేశాను. 2005 అక్టోబరులో వెలువడిన 2.6.14 కెర్నెల్‌లో ఐబీఎం థింక్‌ప్యాడ్‌ల కోసం హెచ్‌డాప్స్ అనే డ్రైవరు చేరింది. ల్యాప్‌టాప్ జారిపడేటప్పుడు హార్డుడిస్కును కాపాడడానికి ఉద్దేశించిన సెన్సారుకు అది ఆధారం. లభించిన ఒక పత్రాన్ని బట్టి, ఆపైన ఎన్నో తప్పొప్పుల ప్రయోగాలు చేసి వ్రాశామని కర్తలు మూలంలోనే చెప్పుకున్నారు. ఏయే మోడళ్ళలో అక్షాలు తారుమారయ్యాయో జాబితా కూడా అందులోనే ఉంది. నా తలక్రిందుల కష్టం అంత పాతదన్నమాట!

2009లో ఇటువంటి సెన్సార్లన్నిటికీ ఐఐఓ అనే ఉమ్మడి విభాగం ప్రయోగదశలో ఏర్పడింది. 2012లో అది ప్రధాన భాగంలోకి వచ్చింది. జొనాథన్ కామెరాన్ గారు తొలినుండీ దాని బాధ్యత మోస్తున్నారు. మాత్రికను తెలిపే పద్ధతి 2016లో, 4.7తో వచ్చింది.

కెర్నెల్‌లో ఏ భాగాన్ని ఎవరు చూస్తున్నారో తెలిపే పట్టిక ఒకటుంది. అందులో చూసే దిక్కు లేని భాగానికి వ్రాసే మాట 'ఓర్ఫన్', అనగా అనాథ. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. డ్రైవరు వ్రాసినవారు వేరే పనికి వెళ్ళిపోతారు, పాత యంత్రాలు తూకానికి పోతాయి. చుట్టూ కెర్నెల్ మారుతూనే ఉంటుంది. పరీక్షించే చేయి లేకపోతే ఏ మార్పు దేనిని విరిచిందో చెప్పేవారుండరు. కడపలో బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి ప్రతులు పోల్చి శుద్ధప్రతులు వ్రాయించకపోతే మన కావ్యాలు కొన్నిటికి పట్టే గతీ ఇదే కదా అనిపించింది.

నాకు ప్రోగ్రాములు వ్రాయడం రాదు, ఈ వయసులో వస్తుందన్న ఆశా లేదు. కానీ కొత్త కెర్నెల్ వచ్చిన ప్రతిసారీ ఈ ముసలి యంత్రాన్ని నాలుగు వైపులా త్రిప్పి చూస్తున్నాను. మొన్న కూడా చూశాను. అక్షరాలు నిటారుగానే ఉన్నాయి.

మీ అటకమీద అటువంటి యంత్రమేదైనా ఉంటే, పాతసామాన్లవాడికి ఇచ్చే ముందు ఒక్కసారి త్రిప్పి చూడండి. తలక్రిందులైతే నాకు చెప్పండి. నోటుపుస్తకం సిద్ధంగా ఉంది.