బెంచీ



మొన్న శనివారం ఉదయం చిల్కూరు బాలాజీ దర్శనానికి వెళ్ళాను. హుండీ లేని ఆ కోవెలలో భక్తుడు చెల్లించవలసినది నడక మాత్రమే. కోరిక కోరుకొన్నప్పుడు 11 ప్రదక్షిణలు, అది నెరవేరిన పిమ్మట 108. చీటీపై గడులకు గుర్తు పెట్టుకొంటూ నడుస్తున్న ఒకాయన నన్ను చూచి ఆగాడు. 1990 ప్రాంతంలో చేవెళ్ళ దగ్గరి బడిలో నా శిష్యుడు.

"నమస్తే సార్. మా పిలగాడు డాలస్‌ల ఎమ్మెస్ చేసిండు. ఒక కన్సల్టెన్సోళ్ళు రమ్మంటున్నరట. చేరుమని చెప్పాల్నా?"

జవాబు నాకు తెలియనిది కాదు. చెప్పడమే కష్టం.

మా అబ్బాయి 2007 అక్టోబరులో అటువంటి కన్సల్టెన్సీ ద్వారానే అమెరికా వెళ్ళాడు. పెద్ద కంపెనీలు వాడివైపు చూడనైనా లేదు. ఊరూ పేరూ తెలియని కుర్రవానికి హెచ్-1బి దరఖాస్తు పెట్టి, తలదాచుకొనే గది చూపి, ఇంటర్వ్యూలకు తర్ఫీదు ఇచ్చినవారు వారే. ఒకచోట బ్యాంకు పని, మరొకచోట ఆసుపత్రి పని. ఒకే కుర్చీలో కూర్చున్నవారికి అంత త్వరగా అన్ని విద్యలు పట్టుబడవు. ఆ మేలు మరువరాదు.

2008 చివర మాంద్యం వచ్చింది. ప్రాజెక్టు పోయింది. వాణ్ణి 'బెంచీ' మీద కూర్చోబెట్టారు. మా బడిలో బెంచీ ఎక్కి నిలబడడం శిక్ష. అక్కడ కూర్చోవడమే శిక్ష. పని లేని రోజులకూ యజమాని జీతమివ్వాలన్నది అక్కడి చట్టం. వాడికి ఐదు నెలలు పైసా రాలేదు. నిలదీద్దామంటే వీసా వారి చేతిలో ఉంది. ఉద్యోగం పోయినవారికి 60 రోజుల వరకు గడువు 2017లో గాని రాలేదు. తరువాత పని దొరికినా, క్లయింటు గంటకు ఇచ్చే సొమ్ములో నడుమనున్నవారు తలా కొంత కోసుకోగా మిగిలినదే వాడిది.

అసలు నష్టం డబ్బు కాదు. ఆ పని దొరకడానికి, లేని మూడేళ్ళ అనుభవం రెజ్యూమెలో వ్రాయమన్నారు. ఆ రాత్రి ఫోను చేసి, "నాన్నా, ఏం చేయమంటావు?" అన్నాడు. హరిశ్చంద్రుని కథ పాతికేళ్ళు పాఠం చెప్పిన నేను, "అందరూ వ్రాస్తున్నదే కదరా" అన్నాను.

వాడు వ్రాశాడు. పని దొరికింది. నేను వచ్చి 108 ప్రదక్షిణలు చేశాను. వాటిలో ఒక్కటీ తేలికగా సాగలేదు. అటుపిమ్మట వాడు నన్ను ఏ సలహా అడుగలేదు.

ఇదంతా శిష్యునికి నడుస్తూనే చెప్పాను. "కన్సల్టెన్సీ అనగానే వద్దనకు. తలుపు తీసేవారు మరెవరూ లేనప్పుడు అదీ ఒక తలుపే. పని లేని నాళ్ళకు జీతమెంత, మధ్యలో మానితే కట్టవలసినదెంత, దరఖాస్తు ఖర్చెవరిది, ఇవి కాగితం మీద చూచి సంతకం పెట్టమను. ఉన్నది ఉన్నట్టు వ్రాసినా తీసుకొంటే చేరమను. లేనిది వ్రాయమంటే మీవాడు నీకే ఫోను చేస్తాడు. అప్పుడు నావలె జవాబు చెప్పకు."

అతడు చాలాసేపు మాటాడలేదు. చీటీ చూచుకొని, "మాటలల్ల లెక్క తప్పింది సార్" అన్నాడు.

మొదటినుండి మొదలుపెట్టాడు. నేనూ వెంట నడిచాను.